సిస్టర్ గారి సన్మాన పత్రం

ఇప్పటిదాకా ఎన్ని సన్మాన పత్రాలు రాశానో నాకే గుర్తు లేదు. ముప్పై ఏళ్ళు విజయవాడ జూనియర్ కాలేజీల్లో తెలుగు లెక్చరరుగా పనిచేశాను. ఇక్కడి పిల్లలు మార్కులు బాగా పడతాయని సంస్కృతం తీసుకుంటారు. తెలుగు తీసుకునేవాళ్ళు క్లాసుకి పదిమంది దొరికితే గొప్ప. అందువల్ల నాకు తీరిక ఎక్కువ, నా తెలుగుకి గిరాకీ తక్కువ. ఆ తీరికంతా రిటైరయ్యే ప్రిన్సిపాళ్ళకీ, గుడికి గోపురం కట్టించిన వ్యాపారులకీ, మనవడి పుట్టినరోజుకి అన్నదానం చేసిన కాంట్రాక్టర్లకీ పత్రాలు రాయడంలో గడిచిపోయింది. సుగుణ సంపన్నులు, మృదుభాషి, పరోపకార పరాయణులు అనే మూడు మాటలు నా దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉండేవి. అద్దె సామాన్ల షాపులో షామియానా లాంటివి అవి, ఎవరింటి ముందైనా వేయొచ్చు. ఆ పెద్దమనుషుల్లో సగం మంది నోరు తెరిస్తే బూతులేనని నాకు తెలుసు. అయినా మృదుభాషి అనే రాశాను.

అలాంటివాడికి ఒక పత్రం రాయడం చేతకాలేదు. అది మా సిస్టర్ గారిది.

మాది గుణదలలో, మేరీమాత కొండకి నాలుగు వీధుల ఇవతల ఉన్న అపార్ట్‌మెంటు. ఐదంతస్తులు, ఇరవై ఇళ్ళు. రిటైరై ఖాళీగా ఉన్నాడు కదా అని నన్ను అసోసియేషన్ సెక్రటరీని చేశారు. మోటారు కాలిపోయినా, లిఫ్టు ఆగినా, పై ఇంటివాళ్ళు కింది ఇంటి బాల్కనీలోకి నీళ్ళు ఒంపినా తిట్లు తినడమే ఆ పదవి.

సిస్టర్ గారు మొదటి అంతస్తులో ఒక్కరే ఉంటారు, భర్త పోయారు. గవర్నమెంటు ఆస్పత్రిలో హెడ్ నర్సుగా రిటైరయ్యారు. పుట్టిల్లు మైలవరం దగ్గర పల్లె, రైతు కుటుంబం. ఎండాకాలం వస్తే వాళ్ళ తమ్ముడు గోనెసంచిలో మామిడికాయలు తెచ్చి దించి వెళ్తాడు. ఒకసారి ఆ కాయలు పంచుతూ ఆవిడ తన పెళ్ళి శుభలేఖ సంగతి చెప్పారు.

"మావాళ్ళల్లో అప్పుడు ఆడపిల్ల నర్సు పనికెళ్ళడం లేదండీ. శుభలేఖలో నా పేరు పక్కన 'ఆరోగ్య శాఖ ఉద్యోగిని' అని వేయించాడు మా నాన్న. నర్సు అని వేస్తే బంధువులు ఏమనుకుంటారో అని భయం. ఆ బంధువులే తర్వాత ఒక్కొక్కళ్ళూ ఆస్పత్రికొచ్చి, 'అమ్మాయ్, నువ్విక్కడే కదా' అని నా పేరు చెప్పుకుని మంచాలు సంపాదించుకున్నారు."

చెప్పి నవ్వారు గానీ ఆ నవ్వులో కారం ఉంది.

రిటైరైన వారానికే ఆవిడ సెల్లార్లో, వాచ్‌మన్ గది పక్కన, ఒక ప్లాస్టిక్ టేబులు వేశారు. పొద్దున ఆరున్నర నుంచి ఎనిమిది దాకా అక్కడ కూర్చుంటారు. టేబులు మీద పాతకాలపు బీపీ మిషను, షుగరు చూసే చిన్న మిషను, దూది, గాజుగుడ్డ, ఒక రూళ్ళ పుస్తకం. వీధిలో పనిమనుషులు, ఆటోవాళ్ళు, ఇస్త్రీ బండి ఆయన, పక్క అపార్ట్‌మెంట్ల వాచ్‌మన్లు వచ్చి వరసలో నిలబడతారు. ఒక్క మాత్ర కూడా ఇవ్వరు. "మందు రాయడం డాక్టర్ల పని. నా పని చూడ్డం, చెప్పడం, పంపించడం" అంటారు. పంపించాల్సినవాళ్ళకి చీటీ రాసిస్తారు. ఆ చీటీ పట్టుకెళ్తే పెద్దాస్పత్రిలో ఏ గదికి వెళ్ళాలో తెలియక తిరగక్కర్లేదు.

అందరిచేతా చెప్పులు విప్పించి అరికాళ్ళు చూడటం ఆవిడకి అలవాటు. షుగరున్నవాళ్ళకి కాళ్ళు మొద్దుబారతాయని, పుండు పడినా నొప్పి తెలియదని నాకూ అక్కడే తెలిసింది. ఒక ఆటో ఆయన ఎండకి కాలిన రేకు మీద పాదం పెట్టి అరగంట బండి తోలాడు. మడమ బొబ్బలెక్కింది. "ఏమీ తెలియలేదు సిస్టరమ్మా" అన్నాడు. ఆవిడ తిట్టిన తిట్లు రెండో అంతస్తు దాకా వినపడ్డాయి. మృదుభాషి అన్న మాట ఆవిడకి బొత్తిగా పనికిరాదు.

ఒక వానాకాలం వెనక వీధి పిల్లలకి వరసగా విరేచనాలు పట్టుకున్నాయి. ఎవరికి వాళ్ళు తిన్న తిండి పడలేదనుకున్నారు. సిస్టర్ గారు మాత్రం వచ్చిన ప్రతి తల్లినీ "ఏ కుళాయి నీళ్ళు?" అని అడిగి పుస్తకంలో రాశారు. నాలుగో రోజుకి అందరిదీ ఒకటే కుళాయి అని తేలింది. ఆ పుస్తకం పట్టుకుని కార్పొరేషన్ ఆఫీసుకెళ్ళి, మనిషిని వెంటబెట్టుకొచ్చి, కాలువలో మునిగిన పైపు చూపించి, బాగుచేసేదాకా అక్కడే కుర్చీ వేసుక్కూర్చున్నారు. అసోసియేషన్ పేరుతో నేను అదే ఆఫీసుకి ఆరు అర్జీలు పెట్టాను. అందులో అలంకారాలు తప్ప కుళాయి ఎక్కడుందో లేదు.

ఇక నా సొంత సంగతి చెప్పాలి. ఈ సన్మానం గొడవకి మూడేళ్ళ ముందు మా అమ్మ మంచాన పడింది. తుంటి ఎముక విరిగి ఎనిమిది నెలలు లేవలేదు. నా భార్య అప్పటికే లేదు. ఒక రోజు సిస్టర్ గారు పలకరించడానికి వచ్చి అమ్మని పక్కకి తిప్పి నడుం దగ్గర చూశారు. రూపాయి బిళ్ళంత మేర చర్మం ఎర్రబడి ఉంది.

"మాస్టారూ, రెండు గంటలకోసారి పక్క మార్చట్లేదా?"

మారుస్తున్నానన్నాను. ఎప్పుడు మార్చానో చెప్పమన్నారు. చెప్పలేకపోయాను. మర్నాడు ఒక రూళ్ళ పుస్తకం తెచ్చి చేతిలో పెట్టారు. టైము, ఏ పక్కకి తిప్పాం, ఏం తాగింది, ఎంత తాగింది రాయమన్నారు. సాయంత్రానికి నేను రాసింది చూసి ఆవిడకి కోపం వచ్చింది. "అమ్మ ఈ రోజు ప్రశాంతంగా ఉంది" అని రాశాను మరి.

"ప్రశాంతం అంటే ఏంటండీ? ఎన్ని గ్లాసులు తాగారు? ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా పడుకున్నారు? చూసింది రాయండి, అనుకున్నది రాయకండి. మీరు అనుకున్నది చదివి నేనేం చేసుకోను?"

అరవయ్యేళ్ళు దాటాక, తెలుగు లెక్చరరుని, రాయడం రాదని తిట్టించుకున్నాను. మొదట ఉక్రోషం వచ్చింది. తర్వాత నేర్చుకున్నాను. అమ్మకి ఆ తర్వాత ఒక్క పుండు కూడా పడలేదు.

అమ్మ పోయింది ఒక మధ్యాహ్నం. సిస్టర్ గారు అక్కడే ఉన్నారు. నాకు చెయ్యి ఆడలేదు. ఆవిడే పుస్తకం తీసుకుని చివరి పేజీ రాశారు. తర్వాత చాలా రోజులకి గానీ నేను దాన్ని తెరవలేదు. "రెండున్నరకి మూడు చెంచాల నీళ్ళు తాగారు. మూడూ పదికి శ్వాస ఆగింది. కొడుకు పక్కనే ఉన్నాడు" అని ఉంది. ఆ మూడో వాక్యం రాయాల్సిన అవసరం లేదు. కానీ ఆవిడ చూశారు గనక రాశారు. మా అమ్మకి సరిగ్గా చేయలేదేమో అన్న బాధ నాకు ఇప్పటికీ అప్పుడప్పుడూ వస్తుంది. వచ్చినప్పుడు ఆ పేజీ తీసి చదువుకుంటాను.

ఇంత చేసిన మనిషి విషయంలో నేను చేసిన పని వినండి.

నాలుగో అంతస్తులోకి కొత్తగా ఒక కుటుంబం వచ్చింది. వచ్చిన నెలకే ఫిర్యాదు పెట్టారు. బయటివాళ్ళు సెల్లార్లోకి వస్తున్నారు, కార్లకి అడ్డం, చెత్తబుట్టలో రక్తం దూది కనపడుతోంది, పిల్లలకి ఏదైనా అంటుకుంటే ఎవరిది బాధ్యత అని. వాళ్ళ మాటలో కొంత న్యాయం లేకపోలేదు, దూది సంగతి నిజమే. కమిటీ కూర్చుంది. టేబులు తీసేయమని ఆవిడతో ఎవరు చెప్పాలనే దగ్గర అందరూ గోడలు చూశారు. మా ప్రెసిడెంటు గారు ఇనుము వ్యాపారి, లౌక్యం తెలిసిన మనిషి. పామూ చావకూడదు, కర్రా విరక్కూడదు.

"మే నెలలో నర్సుల దినం వస్తోంది కదండీ. ఘనంగా సన్మానం చేద్దాం. శాలువా కప్పి, ఇక విశ్రాంతి తీసుకోండమ్మా అందాం. చివర్లో నేను వందన సమర్పణలో, రేపట్నుంచి టేబులు ఉండదని చెప్పేస్తాను. పదిమందిలో చెప్తే ఆవిడా కాదనలేరు. మాస్టారూ, ఆ విశ్రాంతి ముక్క పత్రంలో గట్టిగా పడాలి."

మన దగ్గర శాలువాకి ఈ ఉపయోగం ఒకటుంది. ఎవరినైనా మర్యాదగా ఇంటికి పంపించాలంటే భుజం మీద శాలువా వేస్తే చాలు. నాకు ఆ పద్ధతి బాగా తెలుసు. ఎంతమందిని అలా పంపించడానికి రాసిచ్చానో. కాదని అనాల్సింది. అనలేదు. తిలా పాపం తలా పిడికెడు అని ఊరుకున్నాను.

పత్రం మాత్రం అరగంటలో అయిపోయింది. కరుణామూర్తి, సేవామయి, మాతృహృదయ అని మొదలుపెట్టి, "అవిశ్రాంత సేవలో అలసిన మీరు ఇకనైనా విశ్రాంతి తీసుకోవాలని అసోసియేషన్ వారి ప్రార్థన" అని ముగించాను. సన్మానితులకి ముందుగా చూపించి, పుట్టిన ఊరూ చదువూ సరిచూసుకోవడం ఆనవాయితీ. పట్టుకెళ్ళాను. బెల్లు మూడుసార్లు కొట్టినా తలుపు తీయలేదు. సంగతి తెలిసి కోపంగా ఉన్నారేమో అనుకున్నాను. గట్టిగా తలుపు బాదితే వచ్చారు.

లోపల మా అపార్ట్‌మెంట్లో నాలుగిళ్ళలో పనిచేసే ఆవిడ కూర్చుని గాజుగుడ్డలు కత్తిరించి మడతలు పెడుతోంది. నలభై దాటి ఉంటాయి. పదో తరగతి పాసైంది. ఏడాదిగా పనికెక్కే ముందు సిస్టర్ గారి టేబులు దగ్గర సాయం చేస్తోంది. ఈమధ్య బీపీ చూసేటప్పుడు స్టెతస్కోపు కూడా ఆమె చెవుల్లోనే ఉంటోంది. సిస్టర్ గారు పట్టీ చుట్టి గాలి కొడతారు, ఈమె విని అంకె చెప్తుంది. నేర్పిస్తున్నారు కాబోలు అనుకున్నాను.

సిస్టర్ గారు కళ్ళజోడు పెట్టుకుని పత్రం చదివారు. ఎర్ర పెన్ను తీశారు. నేను జీవితమంతా పిల్లల పేపర్లు దిద్దాను గానీ నా పేపరు ఎవరూ దిద్దలేదు. ఆవిడ కరుణామూర్తి కొట్టేశారు. సేవామయి కొట్టేశారు. మాతృహృదయ దగ్గర ఆగి నా మొహం వంక చూశారు.

"నాకు పిల్లల్లేరు మాస్టారూ. అరవై మంచాల వార్డు నడిపాను. అది తల్లి మనసుతో నడవదు. ఎవరు ఎప్పుడు డ్యూటీకి రావాలి, ఎవరికి ఏ మందు ఎన్నింటికి పడాలి, ఆపరేషన్‌కి వాడిన గుడ్డలు లెక్కకి సరిపోయాయా లేదా. సరిపోలేదని ఒకసారి పెద్ద సర్జన్ని కుట్లు వేయకుండా ఆపాను. ఆయన నా మీద అరిచాడు. వెతికితే గుడ్డ లోపలే ఉంది. అవన్నీ మానేసి, నన్ను దేవతని చేస్తే నేను చేసిన పనెక్కడుందండీ ఇందులో?"

ఆవిడ పత్రమంతా కొట్టేసి, చివరి వాక్యం దగ్గరికొచ్చారు. విశ్రాంతి వాక్యం. దాని పక్కన మాత్రం టిక్కు పెట్టారు.

"ఇది ఉంచండి."

నేను బిక్కచచ్చిపోయాను. సంగతి చెప్పేయాలని నోటిదాకా వచ్చింది. "సిస్టర్ గారూ, అసలు ఇది..." అని మొదలుపెట్టాను.

"పైదంతా మార్చి రాయండి. చూసింది రాయండి" అని తలుపు దాకా వచ్చి పంపించేశారు.

ఇంటికొచ్చి ఆ రూళ్ళ పుస్తకం ముందేసుకున్నాను. రెండు రోజులు పట్టింది. విశేషణం ఒక్కటీ లేకుండా పన్నెండు వాక్యాలు రాశాను. ఆటో ఆయన మడమ రాశాను. కుళాయి రాశాను. మా అమ్మ నడుం రాశాను. చివరికి ఆవిడ టిక్కు పెట్టిన వాక్యం ఉంచాను.

సన్మానం సాయంత్రం ఆరింటికి, సెల్లార్లోనే. టేబులు కుర్చీ తీసేసి అదే చోట చిన్న వేదిక కట్టారు. మే నెల ఉక్కకి కూలర్లు తిరుగుతున్నా చొక్కాలు వీపులకి అంటుకుపోతున్నాయి. వెనక పెద్ద ఫ్లెక్సీ. ముఖ్య అతిథి ఎముకల డాక్టరు గారి ఫొటో నిలువెత్తున ఉంది. ప్రెసిడెంటు గారిది కొంచెం చిన్నది. సిస్టర్ గారిది పాస్‌పోర్టు సైజు. నన్నడిగితే మారుద్దును, నాకు మధ్యాహ్నం దాకా చూపించలేదు.

మధ్య కుర్చీ సన్మానితులది. దానికి తెల్లగుడ్డ వేసి సిస్టర్ గారిని కూర్చోబెట్టాను. డాక్టరు గారు కారు దిగి లోపలికి వచ్చారో లేదో, ఆవిడ టక్కున లేచి నిలబడ్డారు. అంతేకాదు, పక్కకి జరిగి, తన కుర్చీని రెండు చేతులతో ఆయన వైపు తిప్పారు. ముప్పై ఐదేళ్ళ అలవాటు. ఆయన ఫోను చూసుకుంటూ వచ్చి ఆ కుర్చీలో కూర్చున్నారు. ఎవరిదో ఆయనకి తెలియదు. చెప్పాల్సిన ప్రెసిడెంటు గారు దండ వేయడంలో ఉన్నారు. సిస్టర్ గారు చివరి ప్లాస్టిక్ కుర్చీలోకి వెళ్ళి కూర్చున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. మైకు పట్టుకుని నిలబడి ఉన్నాను కూడా. ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. ఎవరి మీద మండిందో ఇప్పుడు చెప్పగలను, నా మీదే.

డాక్టరు గారు పావుగంట మాట్లాడారు. అందులో పది నిమిషాలు తన ఆస్పత్రికి తెప్పించిన కొత్త మిషను గురించి. ఆవిడకి శాలువా కప్పి, ఆపరేషనుందని వెళ్ళిపోయారు. ఆయన కారు గేటు దాటేదాకా ఆవిడ నిలబడే ఉన్నారు.

నేను పత్రం చదివాను. షామియానా మాటలు లేకపోయేసరికి చప్పట్లు ఎక్కడ కొట్టాలో జనానికి తెలియలేదు. ఆటో ఆయన మడమ దగ్గర వెనక వరసలో ఎవరో "అవునండీ, నేనే" అన్నారు. మా అమ్మ సంగతి తలెత్తకుండా చదివాను. విశ్రాంతి వాక్యం గబగబా చదివేసి మైకు ఆవిడకిచ్చాను. ప్రెసిడెంటు గారు అప్పటికే జేబులోంచి కాగితం తీసి చేతిలో పెట్టుకున్నారు. ఆవిడ రెండు ముక్కలు మాట్లాడగానే ఆయన లేవాలి. అక్కడితో టేబులు కథ అయిపోతుంది.

సిస్టర్ గారు శాలువా భుజం మీద నుంచి తీసి మడత పెట్టి చంకలో పెట్టుకున్నారు.

"విశ్రాంతి తీసుకోమన్నారు. మంచిదండీ, తీసుకుంటాను. నాకు ఆర్నెల్లుగా చెవులు సరిగ్గా వినపడట్లేదు. బీపీ చప్పుడు అసలే వినపడట్లేదు. వినపడకుండా అంకె చెప్పడం తప్పు. అందుకని ఆర్నెల్లుగా మీ అందరి బీపీ వింటున్నది నేను కాదు."

బెల్లు మూడుసార్లు ఎందుకు కొట్టాల్సి వచ్చిందో నాకు అప్పుడు తెలిసింది.

"నేను ఒక్కరోజు కూడా ఛార్జి ఇవ్వకుండా డ్యూటీ దిగలేదు. వచ్చే సిస్టరు మంచం మంచానికీ నాతో తిరిగి, చెప్పింది విని, పుస్తకంలో సంతకం పెడితేనే నేను ఇంటికెళ్ళేది. వానైనా, వరదైనా, గుణదల తిరనాళ్ళైనా సరే. ఇప్పుడూ అంతే." అని, వెనక పులిహోర గిన్నెల దగ్గర నిలబడ్డ పనావిడని పేరు పెట్టి పిలిచారు. "ఇలా రామ్మా."

ఆమె చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చింది. వేదిక ఎక్కనంది. సిస్టర్ గారే దిగి పక్కన నిలబడ్డారు. సంచిలోంచి రూళ్ళ పుస్తకం తీశారు.

"పేర్లు చెప్పను. వార్డులో మంచం నంబర్లే చెప్తాం. మూడో నంబరు, బీపీ. మాత్రలు అయిపోయినా కొనుక్కోడు. వారానికోసారి డబ్బా తెప్పించి చూడు. ఐదో నంబరు, ఏడో నెల. కాళ్ళ వాపు. మొహం వాచినా, తలనొప్పన్నా ఆగకుండా పంపించెయ్యి. ఏడో నంబరు, షుగరు. కుడిపాదం, బొటనవేలి కింద పుండు."

"కుడి కాదమ్మగారూ" అంది ఆమె మెల్లగా. "ఎడం."

సిస్టర్ గారు వినపడక చెవి ఆమె వైపు వంచారు. ఆమె ఈసారి అందరికీ వినపడేలా చెప్పింది. "ఎడం పాదమండీ. నిన్న కట్టు మార్చింది నేనే. తగ్గుతోంది."

సిస్టర్ గారు పుస్తకం వెలుతురుకి పెట్టి చూసుకున్నారు. "ఎడమే. నాదే తప్పు." ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ మొహంలో కనపడ్డ సంతోషం శాలువా కప్పినప్పుడు లేదు.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, వేదిక మీద ప్రెసిడెంటు గారు తన ఎడం కాలు కుర్చీ కిందకి లాక్కున్నారు. ఆయన ఆర్నెల్లుగా రబ్బరు చెప్పులతో తిరగడం నేను చూశాను, ఎందుకని అడగలేదు.

మొత్తం పంతొమ్మిది నంబర్లు. ఒక్కొక్కటీ చెప్పారు. ఆమె ఒక్కొక్కటీ తిరిగి అప్పజెప్పింది. జనం కదల్లేదు. చివరికి ఇద్దరూ సంతకాలు పెట్టారు. వందన సమర్పణకి నేను ప్రెసిడెంటు గారిని పిలిచాను. ఆయన చేతిలో కాగితం వంక చూసి, దాన్ని జేబులో పెట్టేసుకుని, "అందరూ పులిహోర తిని వెళ్ళండి" అన్నారు.

నాలుగో అంతస్తావిడ మాత్రం ఊరుకోలేదు. "మరి మా ఇంట్లో పనికి టైముకి రావాలి కదండీ ఈమె?" అంది. సిస్టర్ గారు ఏడుంబావుకల్లా టేబులు ముగించి పంపిస్తామన్నారు. అక్కడికక్కడే బేరం కుదిరింది. టేబులు జనరేటర్ పక్కకి, మూత ఉన్న డబ్బాలోకి దూది, కార్లు తీసే దారి వదిలి వరస. నేను సెక్రటరీగా అవన్నీ మినిట్స్ పుస్తకంలో రాసి అందరిచేతా సంతకాలు పెట్టించాను. ఆ రోజు నేను చేసిన మంచి పని ఏదైనా ఉంటే అదొక్కటే.

గిన్నెలు సర్దుతున్నప్పుడు ఆవిడ దగ్గరికెళ్ళి, "సన్మానం ఎందుకు పెట్టామో మీకు చెప్పాల్సిందండీ. చెప్పలేదు. తప్పు చేశాను" అన్నాను. రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. మొదటిసారి వినపడలేదు.

"కమిటీలో మీరు అనుకున్నది మర్నాడు పొద్దునే నా టేబులు దగ్గరికి వచ్చింది మాస్టారూ. నాలుగో అంతస్తులో గిన్నెలు తోమేదెవరనుకున్నారు? నాకూ పదిమంది ముందు ఛార్జి ఇవ్వాలనే ఉంది. పనమ్మాయి చూస్తే మీరెవరూ ఒప్పుకోరు కదా. మీరే షామియానా వేసి పెట్టారు."

మర్నాడు ఆరున్నరకి నేను సెల్లార్లోకి దిగాను. జనరేటర్ పక్కన టేబులు వేసి ఉంది. డాక్టరు గారు కప్పిన శాలువా నాలుగు మడతలు పెట్టి, చెయ్యి ఆనించుకోవడానికి మెత్తగా ఉంటుందని బీపీ మిషను ముందు పరిచారు. కుర్చీలో పనావిడ కూర్చుంది, చెవుల్లో స్టెతస్కోపు. వరసలో ఐదారుగురు ఉన్నారు గానీ ఎవరూ ముందుకి జరగట్లేదు. నిన్న ఛార్జి ఇవ్వడం కదలకుండా చూసినవాళ్ళే. ఆమె మొహం పాలిపోయింది.

మెట్ల మీద నుంచి సిస్టర్ గారు దిగొచ్చారు. వరసలో అందరికంటే ముందుకెళ్ళి, రోగులు కూర్చునే స్టూలు మీద కూర్చుని, చెప్పులు విప్పి, చెయ్యి శాలువా మీద పెట్టారు.

"చూడమ్మా."

ఆమె పట్టీ చుట్టింది. గాలి కొట్టింది. కళ్ళు మూసుకుని విన్నది. తర్వాత వంగి రెండు అరికాళ్ళూ చూసింది. పుస్తకంలో చాలాసేపు రాసింది.

"ఏం రాశావ్? గట్టిగా చదువు, వినపడదు."

ఆమె లేచి నిలబడి, క్లాసులో పాఠం చదివినట్టు చదివింది. "ఇరవయ్యో నంబరు. వయసు డెబ్బై. బీపీ కొంచెం ఎక్కువుంది. కాళ్ళకి పుండ్లు లేవు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, రాత్రి పడుకోలేదు. ఇంట్లో ఒక్కరే ఉంటారు. రోజూ చూడాలి."

"రోజూనా? నాకెందుకే రోజూ?"

"చూసింది రాయమన్నారు కదా అమ్మగారూ."

సిస్టర్ గారు చెయ్యి శాలువా మీద అలాగే ఉంచుకున్నారు. తర్వాత ఆ వాక్యం కింద సంతకం ఎక్కడ పెట్టాలో వేలితో చూపించారు. వెనక ఇస్త్రీ ఆయన చెప్పులు విప్పుకోవడం మొదలుపెట్టాడు.